ముందు మన బొగ్గు పొగతో పరీక్షించండి

కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం, విద్యుత్ మంత్రిత్వ శాఖ, పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖల ఉన్నతాధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారులకు నమస్కారాలు.

బొగ్గు మండగా పొగగొట్టం గుండా పోయే వాయువుల నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను వేరుచేసే ద్రావకాల మీద చాలాకాలంగా పనిచేస్తున్న రసాయన ఇంజినీరింగ్ పరిశోధకుడిగా మీ మూడు శాఖలకూ కలిపి ఈ లేఖ రాస్తున్నాను. కలిపి రాయడానికి కారణం ఉంది. పరిశోధనకు డబ్బు ఇచ్చేది ఒక శాఖ. ఆ పరిశోధన అక్కరకు రావలసిన థర్మల్ కేంద్రాలు మరొక శాఖ కిందికి వస్తాయి. ఆ కేంద్రాల పొగలో బూడిద ఎంత ఉండవచ్చో, గంధకం ఎంత ఉండవచ్చో నిర్ణయించేది మూడో శాఖ. కాగితం మీద ఇవి మూడు వేర్వేరు ఫైళ్లే కావచ్చు, కార్బన్ సంగ్రహణ ప్లాంటులో పొగను ద్రావణంతో కడిగే అబ్జార్బర్ టవర్ దగ్గర మాత్రం మూడూ ఒకే గొట్టంలో కలిసి వస్తాయి.

నా మనవి ఇది. మన దేశపు బొగ్గును మండించే ఒక థర్మల్ కేంద్రంలో, అసలు పొగతో, నెలల తరబడి ద్రావకాలను నడిపి చూడగలిగే ఒక పరీక్షా కేంద్రాన్ని నిర్మించి, దానిని దేశంలోని ఏ పరిశోధన బృందమైనా వాడుకునేలా తెరిచి ఉంచండి. అక్కడ వచ్చిన ఫలితాలను, విఫలమైన వాటితో సహా, ప్రచురించండి. అవి చేతికి వచ్చేదాకా పెద్ద సంగ్రహణ ప్లాంట్లకు డబ్బు కట్టవద్దు, వాటికి ఎంచుకోదగిన యూనిట్లలో గంధకాన్ని తొలగించే ఏర్పాటుకు దారి మూసివేయవద్దు.

పొగ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను అమీన్ (నైట్రోజన్ ఉన్న ఒక రకం క్షార రసాయనం) ద్రావణంతో కడిగి తీయవచ్చునన్న విషయం కొత్తగా కనిపెట్టవలసినది కాదు. అమెరికాలో ఆర్. ఆర్. బాటమ్స్‌కు ఆ పద్ధతి మీద 1930లోనే పేటెంటు వచ్చింది. సూత్రం సులువైనదే. సుమారు 40 నుంచి 60 డిగ్రీల మధ్య అమీన్ ద్రావణం టవర్ పై నుంచి దిగుతూ, కింది నుంచి ఎక్కే పొగలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. అలా నిండిన ద్రావణాన్ని స్ట్రిప్పర్ అనే రెండో టవర్‌లో ఆవిరితో 120 డిగ్రీల దాకా వేడిచేస్తే పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది. వదిలిన వాయువును కంప్రెసర్‌కు పంపి, ద్రావణాన్ని చల్లార్చి మళ్లీ మొదటి టవర్ మీదికి తోడతారు. మోనోఇథనాలమీన్ అనే అతి సామాన్యమైన అమీన్ విషయంలో ఒక్కో కార్బన్ డయాక్సైడ్ అణువును పట్టడానికి రెండు అమీన్ అణువులు కావాలి, ఆ బంధాన్ని విప్పడానికి చాలా వేడి కావాలి. మూడు వైపులా కార్బన్ గొలుసులు ఉన్న తృతీయ అమీన్లు బైకార్బనేటు దారిలో ఒకటికి ఒకటి చొప్పున పట్టుకుంటాయి, తక్కువ వేడికే వదులుతాయి కానీ నెమ్మదిగా పనిచేస్తాయి. అందుకని వాటికి పైపరజీన్ వంటి చురుకైన అమీన్‌ను తోడుచేస్తారు. గత ముప్పై ఏళ్ల ద్రావక పరిశోధనలో సింహభాగం ఈ వేగానికీ వేడికీ మధ్య రాజీ కుదిర్చే ప్రయత్నమే.

ఆ ప్రయత్నం ఫలించింది కూడా. మామూలు మోనోఇథనాలమీన్‌తో టన్ను కార్బన్ డయాక్సైడ్‌ను విడిపించడానికి మూడున్నర గిగాజౌళ్లకు పైగా వేడి కావలసి వచ్చేది, మెరుగైన మిశ్రమాలతో ఇప్పుడది రెండున్నర దరిదాపులకు వచ్చింది. అయినా ఆ భారం ఎంతటిదో ఒకసారి లెక్క కడదాం. పూర్తి లోడు మీద నడిచే 500 మెగావాట్ల బొగ్గు యూనిట్ రోజుకు పదకొండు వేల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. అందులో 90 శాతం పట్టాలంటే, అంటే రోజుకు దాదాపు పది వేల టన్నులు పట్టాలంటే, పాత ద్రావకంతో 400 మెగావాట్ల ఉష్ణశక్తికి సమానమైన ఆవిరిని టర్బైన్ నుంచి పక్కకు మళ్లించాలి. ఆ ఆవిరి వల్ల పోయే కరెంటు, కంప్రెసర్‌కూ పంపులకూ ఫ్యాన్లకూ అయ్యే కరెంటు కలిపితే, గ్రిడ్‌కు ఇవ్వవలసిన 500లో 100 నుంచి 150 మెగావాట్ల దాకా తరిగిపోతుంది. ఇంత ఖరీదైన పని కాబట్టే, ద్రావకం విషయంలో చిన్న పొరపాటు కూడా భరించలేని స్థితి ఉంటుంది.

మన పరిశోధన పత్రాల్లో ఎక్కువ భాగం ఈ వేడి లెక్క దగ్గరే ఆగిపోతున్నాయి. నా విద్యార్థులు రాసినవి కూడా అందులో ఉన్నాయి. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో వాడే పొగ నిజానికి పొగ కాదు. రెండు సిలిండర్ల నుంచి 15 పాళ్లు కార్బన్ డయాక్సైడ్‌ను, 85 పాళ్లు నైట్రోజన్‌ను కలిపి, కాస్త తేమ పట్టించి టవర్‌లోకి పంపుతాము. అందులో బూడిద ఉండదు, సల్ఫర్ డయాక్సైడ్ ఉండదు, నైట్రోజన్ డయాక్సైడ్ ఉండదు, చాలాసార్లు ఆక్సిజన్ కూడా ఉండదు. అలాంటి వాయువుతో కొన్ని గంటలు నడిపితే ఏ కొత్త ద్రావకమైనా బాగానే పనిచేస్తుంది. దాని మీద పత్రం వస్తుంది, పేటెంటు దరఖాస్తు వెళుతుంది, ప్రాజెక్టు నివేదికలో లక్ష్యం నెరవేరినట్లు నమోదవుతుంది. ఆ ద్రావకం బొగ్గు పొగలో మూడు నెలలు బతుకుతుందో లేదో అడిగినవారు ఉండరు, అడిగినా తేల్చి చెప్పడానికి చోటు లేదు.

మన నేల మీదే ఉన్న ఒక ఉదాహరణను మీ దృష్టికి తేవాలి. పొగ నుంచి కార్బన్ డయాక్సైడ్‌ను పారిశ్రామిక స్థాయిలో పట్టడం మన దేశానికి కొత్త కాదు. కాకినాడలోని నాగార్జున ఎరువుల కర్మాగారంలో 2009లోనే జపాన్‌కు చెందిన మిత్సుబిషి సంస్థ సాంకేతికతతో రోజుకు 450 టన్నుల ప్లాంటు వెలిసింది. అంతకు మూడేళ్ల ముందే ఉత్తరప్రదేశ్‌లో ఆవ్లా, ఫుల్పూర్‌లలోని ఇఫ్కో కర్మాగారాల్లో అంతే సామర్థ్యం గల ప్లాంట్లు వచ్చాయి. సహజవాయువుతో అమ్మోనియా చేసినప్పుడు యూరియాకు సరిపడా కార్బన్ డయాక్సైడ్ రాదు. ఆ లోటు పూడ్చడానికి రిఫార్మర్ కొలిమి పొగ నుంచి దాన్ని పట్టి యూరియాకు పంపడం ఈ ప్లాంట్ల పని. వాతావరణ మార్పుల చర్చ మన దగ్గర ఇంకా ఊపందుకోకముందే మన ఇంజినీర్లు, ఆపరేటర్లు ఈ విద్యలో చేయి తిరిగినవారయ్యారు. మనవాళ్ల మీద మనం చిన్నచూపు చూసుకునే అలవాటు ఉన్నచోట ఈ సంగతి గట్టిగా చెప్పుకోవాలి.

అయితే అవి మండించినది సహజవాయువు. ఆ పొగలో బూడిద లేదు, గంధకం దాదాపు లేదు. కాకినాడలో బాగా నడిచింది కాబట్టి రామగుండంలోనూ నడుస్తుందని అనుకోవడానికి వీల్లేకపోవడం ఇందువల్లనే. మన బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిద ఉంటుంది. గంధకం తక్కువ, సాధారణంగా అర శాతం లోపే. తక్కువ అన్న ఈ మాటే మనల్ని తప్పుదోవ పట్టిస్తోందని నా భావన. ఊరి గాలికి తక్కువ అనిపించే మోతాదు అమీన్‌కు ప్రాణాంతకం కావచ్చు.

ఎలాగో వివరిస్తాను. అమీన్ ద్రావణం నిలకడగా పనిచేయాలంటే లోపలికి వచ్చే పొగలో సల్ఫర్ డయాక్సైడ్ 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో పది పాళ్లు) లోపు ఉండాలన్నది ఈ రంగంలో అందరూ పాటించే నియమం. అంటే ఘనపు మీటరుకు సుమారు 29 మిల్లీగ్రాములు. గంధకాన్ని కడిగే ఎఫ్‌జీడీ లేని ఒక యూనిట్ పొగలో ఘనపు మీటరుకు 1,000 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ ఉందనుకుందాం, అంటే 350 పీపీఎం. సల్ఫర్ డయాక్సైడ్ కార్బన్ డయాక్సైడ్ కన్నా బలమైన ఆమ్ల వాయువు. అది అమీన్‌ను పట్టుకుంటే స్ట్రిప్పర్ వేడికి వదలదు, స్థిర లవణంగా మిగిలిపోతుంది. ఒక్కో అణువు రెండేసి అమీన్ అణువులను కట్టిపడేస్తుందని లెక్కవేస్తే, పైన చెప్పిన 500 మెగావాట్ల యూనిట్‌లో రోజుకు 80 టన్నులకు పైగా మోనోఇథనాలమీన్ ఇలా నిరుపయోగం అవుతుంది. కాస్టిక్ సోడా వేసి ఆ అమీన్‌లో చాలా భాగాన్ని విడిపించుకోవచ్చు, కానీ అప్పుడు సోడియం సల్ఫేటు కలిసిన బురద మిగులుతుంది. దాన్ని ఎక్కడ పారబోయాలన్నది మరో పర్యావరణ సమస్య. గంధకం బెడద లేని పొగలోనే టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు కిలోన్నర అమీన్ నష్టపోవడం మామూలు అంచనా. దాని మీద ఇది ఐదారు రెట్ల అదనపు భారం.

పర్యావరణ శాఖ 2015 డిసెంబరులో తెచ్చిన ప్రమాణాలు, 2016 చివరిలోపు వచ్చిన యూనిట్లలో 500 మెగావాట్లు, అంతకు మించిన వాటికి సల్ఫర్ డయాక్సైడ్ పరిమితిని ఘనపు మీటరుకు 200 మిల్లీగ్రాములుగా పెట్టాయి. గడువులు ఎన్నోసార్లు పొడిగించాక, 2025 జులైలో వచ్చిన నోటిఫికేషన్ దేశంలోని యూనిట్లలో సుమారు 78 శాతాన్ని, పొగగొట్టం ఎత్తు నిబంధన పాటిస్తే చాలునంటూ, సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి నుంచి మినహాయించింది. మన బొగ్గులో గంధకం తక్కువనీ, చుట్టుపక్కల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ ప్రమాణాల లోపే ఉందనీ, ఎఫ్‌జీడీకి సున్నపురాయి తవ్వడం, రవాణా, కరెంటు వల్ల కార్బన్ ఉద్గారాలు పెరుగుతాయనీ చెప్పిన కారణాలు నాకు తెలుసు. సున్నపురాయి గంధకంతో కలిసినప్పుడు కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందన్నదీ నిజమే. గాలి నాణ్యత కోణంలో ఆ నిర్ణయం ఒప్పో తప్పో నిర్ణయించడానికి వేరే నిపుణులున్నారు. నేను చెప్పేది ఒక్క విషయం: గంధకాన్ని తీయని యూనిట్‌కు అమీన్ పద్ధతిలో కార్బన్ సంగ్రహణ జోడించడం కుదరదు. 200 మిల్లీగ్రాముల ప్రమాణాన్ని పాటించే యూనిట్‌లో సైతం పొగ 70 పీపీఎం దగ్గర ఉంటుంది కాబట్టి, టవర్‌కు ముందు మరోసారి క్షారంతో కడగక తప్పదు. ఒకవైపు 2070 నాటికి నికర శూన్య ఉద్గారాల లక్ష్యం పెట్టుకుని, అందులో కార్బన్ సంగ్రహణకు పాత్ర ఉందని 2022 నవంబరులో నీతి ఆయోగ్ నివేదిక చెబుతుండగా, మరోవైపు ఆ సంగ్రహణకు మొదటి మెట్టును అత్యధిక యూనిట్లలో తీసివేశాము. ఈ రెండు నిర్ణయాలనూ ఒకే బల్ల మీద పెట్టి చూడమని కోరుతున్నాను.

ఇక బూడిద సంగతి. 2004 నుంచి 2016 దాకా వచ్చిన యూనిట్లకు అనుమతించిన, ఘనపు మీటరుకు 50 మిల్లీగ్రాముల పరిమితిని ఈఎస్‌పీ (విద్యుదావేశంతో పొగలోని బూడిదను పట్టే పరికరం) చక్కగా పాటించినా, 500 మెగావాట్ల యూనిట్ పొగలో రోజుకు రెండు టన్నులకు పైగా సన్నని బూడిద దాటి వస్తుంది. పొగగొట్టం పై నుంచి పోయేటప్పుడు అది కంటికి ఆనదు. నిండా తడిసి ఉండే అబ్జార్బర్ టవర్‌లో మాత్రం అందులో కొంత భాగం ద్రావణంలోకి దిగుతుంది. దిగిన బూడిద, టవర్ లోపల ద్రావణం పరుచుకునే ప్యాకింగ్ రేకుల మధ్య బంకలా పేరుకుంటుంది, ద్రావణాన్ని నురగ కట్టిస్తుంది, ఉష్ణమార్పిడి పరికరాల సందులను పూడుస్తుంది. అందులోని ఇనుము, దానితోపాటు గొట్టాలు తినివేయబడి కలిసిన ఇనుము, ఆక్సిజన్ అమీన్‌ను విరగ్గొట్టే చర్యకు ఉత్ప్రేరకంగా పనిచేస్తాయి.

ఇది ఎలా కనిపిస్తుందో చెప్పనివ్వండి. సిలిండర్ వాయువుతో కొన్ని వారాలు తిరిగిన ద్రావణాన్ని నమూనా సీసాలో పోసి కిటికీ దగ్గర పెడితే, గడ్డి రంగుకు తిరిగినా అవతలి అక్షరాలు చదవగలిగేలా ఉంటుంది. బొగ్గు పొగ తగిలిన ద్రావణం నమూనాలను వారం వారం వరుసగా పెడితే, మొదటిది లేత పసుపు, తర్వాతది తేనె రంగు, చివరికి చిక్కటి కాఫీ డికాక్షన్. మూత తీస్తే అమ్మోనియా ఘాటు ముక్కుకు కొడుతుంది. అమీన్ విరిగిపోతున్నదనడానికి అది మొదటి గుర్తు. సీసా అడుగున వేలితో రాస్తే ఇసుకలా తగిలే బూడిద పొర ఉంటుంది. ఆ సీసాను విశ్లేషణకు పంపితే ఫార్మేట్, ఆక్సలేట్ లవణాలు, కరిగిన ఇనుము, ఇంకా పేరు పెట్టని ఎన్నో పదార్థాలు బయటపడతాయి. పత్రాల్లో వేసే గ్రాఫుల్లో ఈ సీసాలకు చోటు ఉండదు. నిజానికి ప్లాంటు బతికేదీ చచ్చేదీ ఆ సీసాలోనే.

ఇది మనకొక్కరికే ఎదురైన కష్టం కాదు. కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో బౌండరీ డ్యామ్ మూడో యూనిట్ 2014 అక్టోబరులో ప్రారంభమైంది. బొగ్గు విద్యుత్ కేంద్రపు పొగ నుంచి ఏడాదికి పది లక్షల టన్నులు పట్టేలా కట్టిన తొలి పెద్ద ప్లాంటు అది. గంధకాన్ని తీసే ఏర్పాటు అందులోనే ఉంది. అయినా 2015లో లక్ష్యంలో సగానికి కూడా చేరలేకపోయింది. పొగతో వచ్చిన సన్నని బూడిద పరికరాలను పూడ్చడం, అమీన్ అనుకున్నదానికన్నా వేగంగా క్షీణించడం అందుకు ముఖ్య కారణాలు. వారిలో నాకు నచ్చినది, ఆ కష్టాలను దాచకపోవడం. ఏది పూడింది, ఎక్కడ రెండో పరికరం జోడించారు, ఎక్కడ కడిగే వీలు కల్పించారు అన్నవి సమావేశాల్లో చెప్పారు, ప్రచురించారు. ఆ తర్వాత ఇలాంటి ప్లాంటు రూపకల్పన చేసిన ప్రతివారూ ఆ అనుభవాన్ని వాడుకున్నారు.

దీనికన్నా మేలైన మార్గం, కోట్లు పోసి కట్టాక నేర్చుకోవడం కాకుండా ముందే నేర్చుకోవడం. నార్వేలోని మోంగ్‌స్టాడ్‌లో 2012 నుంచి అలాంటి పరీక్షా కేంద్రం నడుస్తోంది. అక్కడి రిఫైనరీ పొగ, గ్యాస్ టర్బైన్ పొగ రెండూ అందుబాటులో ఉంటాయి. వివిధ సంస్థలు తమ ద్రావకాలను తెచ్చి నడుపుకుంటాయి. వాటిని పోల్చడానికి వీలుగా మోనోఇథనాలమీన్‌తో చేసిన ప్రయోగాల వివరాలు ఎవరైనా చదువుకునేలా బయట పెట్టారు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో విల్సన్‌విల్ వద్ద, ఒక పని చేస్తున్న విద్యుత్ కేంద్రం పక్కనే, ఇలాంటి జాతీయ కేంద్రం ఉంది. ఈ రెండు చోట్లా దొరకనిది 40 శాతం బూడిద ఉన్న బొగ్గు పొగ. అది మన దగ్గరే ఉంది, దాన్ని పరీక్షించవలసిన బాధ్యతా మనదే.

మీరు ఇప్పటికే వేసిన అడుగులను నేను తక్కువ చేయడం లేదు. మధ్యప్రదేశ్‌లోని వింధ్యాచల్‌లో ఎన్టీపీసీ 2022లో రోజుకు 20 టన్నుల సంగ్రహణ ప్లాంటును నడిపి చూపింది. తృతీయ అమీన్ ఆధారంగా పనిచేసే ఆ ప్లాంటు నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను హైడ్రోజన్‌తో కలిపి రోజుకు 10 టన్నుల మిథనాల్ చేయాలన్నది ప్రణాళిక. జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్ 2021లో బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు మీద రోజుకు 5 టన్నుల ప్లాంటు పెట్టింది. ఐఐటీ బొంబాయిలోనూ, బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ కేంద్రంలోనూ శాస్త్ర సాంకేతిక విభాగం జాతీయ కేంద్రాలు నెలకొల్పింది. 2025 మేలో సిమెంటు రంగంలో ఐదు కార్బన్ సంగ్రహణ టెస్ట్‌బెడ్‌లు (పరీక్షా వేదికలు) ప్రకటించినప్పుడు, అందులో ఒకదానిలో ఐఐటీ తిరుపతి భాగస్వామి కావడం చూసి సంతోషించాను. అసలు కర్మాగారం పొగతోనే పరీక్షించాలన్న ఆలోచన సిమెంటుకు అంగీకరించిన మీరు, అంతకన్నా ఎన్నో రెట్ల ఉద్గారాలు ఉన్న బొగ్గు విద్యుత్తుకు కూడా దాన్నే, ఇంకా పెద్ద ఎత్తున, అందరికీ తెరిచిన పద్ధతిలో అమలు చేయాలని నేను అడుగుతున్నాను. వింధ్యాచల్ 20 టన్నులు ఒక 500 మెగావాట్ల యూనిట్ దగ్గర పట్టవలసినదానిలో ఐదువందలో వంతు. ఆ ఐదువందలో వంతు నుంచి మనం నేర్చుకున్నదేమిటో, ద్రావకం నెలకు ఎంత తగ్గిందో, ఏ భాగం ముందు తుప్పుపట్టిందో పరిశోధకులందరికీ తెలియాలి. ప్రజాధనంతో నడిచిన ప్రయోగం ఫలితం ప్రజలది.

ఈ కేంద్రం ఎక్కడ ఉండాలో నిర్ణయించవలసింది మీరే. నా సూచన రామగుండం. అక్కడ 1983లో మొదలైన 200 మెగావాట్ల పాత యూనిట్లు, 500 మెగావాట్ల యూనిట్లు, ఈ మధ్యే వచ్చిన 800 మెగావాట్ల తెలంగాణ ప్రాజెక్టు యూనిట్లు ఒకే ఊళ్లో ఉన్నాయి. సింగరేణి బొగ్గు పక్కనే ఉంది. ఎరువుల కర్మాగారం కూడా అక్కడే ఉంది కనుక, కార్బన్ డయాక్సైడ్‌తో రోజూ పనిచేసే చేతులు ఊళ్లోనే దొరుకుతాయి. హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ రెండూ కొద్ది గంటల దూరంలో ఉన్నాయి. వేరే చోటు ఇంతకన్నా అనువైనదని మీకు తోస్తే నాకు అభ్యంతరం లేదు, ఒక్కటి తప్ప: ఎఫ్‌జీడీ దాటిన పొగను, దాటని పొగను రెండింటినీ పక్కపక్కనే రెండు టవర్లలోకి మళ్లించి పోల్చే వీలుండాలి. గంధకం తొలగింపు ఖర్చు ఎక్కువా, తొలగించకపోవడం వల్ల ద్రావకానికి అయ్యే ఖర్చు ఎక్కువా అన్న ప్రశ్నకు వాదనలతో కాక కొలతలతో జవాబు వచ్చేది అప్పుడే.

కేంద్రం కట్టడంతో పని అయిపోదు, డబ్బు ఇచ్చే పద్ధతి కూడా మారాలి. ఇప్పుడు ఒక ప్రాజెక్టుకు మూడేళ్ల గడువు. మొదటి ఏడాది పరికరాల కొనుగోలుకు, టెండర్లకు పోతుంది. రెండో ఏడాది పరికరం నిలదొక్కుకుంటుంది. ద్రావకం నిజంగా క్షీణించడం మొదలుపెట్టి, అసలు పరిశోధన మొదలు కావలసిన వేళకు వినియోగ ధ్రువపత్రం రాసి, ఖాతా మూసి, పరిశోధక విద్యార్థిని ఇంటికి పంపవలసి వస్తుంది. ద్రావకాల మీద మంజూరుచేసే ప్రతి పెద్ద ప్రాజెక్టుకూ అసలు పొగలో కనీసం 5,000 గంటల నడకను షరతుగా పెట్టి, అందుకు సరిపడా కాలం, రాత్రిపూట కూడా ప్లాంటును కనిపెట్టుకుని ఉండే ఆపరేటర్ల జీతాలు ఇవ్వండి. ద్రావక నష్టం టన్నుకు ఎంత, ఆవిరి ఎంత, నీరు ఎంత, తుప్పు ఎంత, టవర్ పై నుంచి గాలిలోకి పోయిన అమీన్ ఎంత అన్న కొలతలు లేని తుది నివేదికను అంగీకరించకండి. ఫలానా ద్రావకం పనిచేయలేదని నిరూపించిన విద్యార్థికి పనిచేసిందని రాసిన విద్యార్థితో సమానంగా గుర్తింపు దక్కాలి. లేకపోతే ఒకే ద్రావకాన్ని పది ల్యాబులు పదిసార్లు పాడుచేసుకుంటాయి.

ఆ చివరి కొలత, గాలిలోకి పోయే అమీన్, ప్రత్యేకంగా చెప్పవలసినది. పొగలోని నైట్రోజన్ డయాక్సైడ్ కొన్ని రకాల అమీన్లతో కలిసినప్పుడు నైట్రోసమీన్లు ఏర్పడతాయి. వాటిలో చాలావాటికి కేన్సర్ కలిగించే గుణం ఉంది. మోనోఇథనాలమీన్ నేరుగా నిలకడైన నైట్రోసమీన్ ఇవ్వకపోయినా, అది విరిగినప్పుడు పుట్టే ద్వితీయ అమీన్లు ఇస్తాయి. నార్వే ప్రజారోగ్య సంస్థ 2011లోనే ఈ పదార్థాలకు గాలిలో ఘనపు మీటరుకు 0.3 నానోగ్రాములు, తాగునీటిలో లీటరుకు 4 నానోగ్రాములు మించకూడదని సూచించింది. అంటే ప్లాంటు నడవకముందే ఊరివాళ్ల ఊపిరి గురించి ఆలోచించారు. మన థర్మల్ కేంద్రాల చుట్టూ ఉన్న ఊళ్లు ఇప్పటికే బూడిద చెరువుల దుమ్ము పీలుస్తున్నాయి. భూగోళాన్ని కాపాడే పని పేరుతో వారి మీద మరొక తెలియని భారం వేసే హక్కు నాకు గానీ మీకు గానీ లేదు. టవర్ చివర నీటితో కడిగే భాగం ఎలా ఉండాలి, నెలకు ఎన్నిసార్లు కొలవాలి, కొలతలు గ్రామపంచాయతీకి ఎలా అందాలి అన్న నియమాలు మొదటి పెద్ద ప్లాంటు కన్నా ముందే రాయండి. పరీక్షా కేంద్రం ఆ నియమాలకు కావలసిన అంకెలను ఇస్తుంది.

పట్టిన కార్బన్ డయాక్సైడ్‌ను ఏం చేయాలన్నది వేరే పెద్ద చర్చ. దక్కన్ బసాల్టు శిలల్లో రాయిగా మార్చే అవకాశం మీద భూభౌతిక శాస్త్రవేత్తలు పనిచేస్తున్నారు, ఐస్‌లాండ్‌లో అది సాధ్యమని తేలింది. ఆ చర్చను వారికే వదిలేస్తున్నాను.

ఒక అపార్థానికి మాత్రం తావివ్వకూడదు. కొత్త బొగ్గు యూనిట్లు కట్టుకుంటూ పోవడానికి కార్బన్ సంగ్రహణను సాకుగా చూపడాన్ని నేను సమర్థించను. ఎండ నుంచీ గాలి నుంచీ కరెంటు తీయగలిగిన చోట అదే చేయాలి. కానీ గత పదిహేనేళ్లలో కట్టిన యూనిట్లు ఇంకా పాతికేళ్లు నడుస్తాయి. సిమెంటు బట్టీలో సున్నపురాయి నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ ఏ ఇంధనం వాడినా ఆగదు. ఈ రెండింటి కోసమైనా ఈ విద్య మనకు కావాలి, అది నికార్సైనదై ఉండాలి. పరీక్షించని ద్రావకంతో వేల కోట్ల ప్లాంటు కట్టి, రెండేళ్లలో అది మూతపడితే, ఆ తర్వాత ఒక తరం పాటు ఈ రంగానికి ఎవరూ డబ్బు ఇవ్వరు. ఇవాళ ల్యాబుల్లో కష్టపడుతున్న పిల్లల పని అంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది. నా భయం అదే, ఈ లేఖ రాయించినదీ అదే.

కనుక మూడు శాఖల అధికారులూ, ఎన్టీపీసీ, సింగరేణి వంటి సంస్థల ఇంజినీర్లూ, పరిశోధకులూ కలిసి కూర్చునే ఒక సంయుక్త బృందాన్ని ఆరు నెలల లోపు ఏర్పాటు చేయవలసిందిగా కోరుతున్నాను. ఏ యూనిట్లకు ఇంకా ఎంత ఆయుష్షు ఉంది, వాటిలో ఎన్నింటికి కార్బన్ సంగ్రహణ జోడించడం అర్థవంతం అన్న జాబితా ఆ బృందం మొదటి పని కావాలి. ఆ జాబితాలో చేరిన యూనిట్లకు 2025 నాటి మినహాయింపును పునఃపరిశీలించాలి, కనీసం ఎఫ్‌జీడీకి, అబ్జార్బర్ టవర్‌కు కావలసిన స్థలాన్ని, ఆవిరి తీసుకునే చోటును ఖాళీగా ఉంచమని ఆదేశించాలి. పరీక్షా కేంద్రపు ప్రణాళికను ప్రజల అభిప్రాయం కోసం, ఇంగ్లీషు, హిందీలతోపాటు ఆ కేంద్రం వచ్చే ప్రాంతపు భాషలో కూడా, బహిరంగంగా పెట్టాలి. ఈ కోరికల్లో ఏది సాధ్యం కాదని మీరు భావించినా, కారణాలతో సహా బహిరంగంగానే జవాబు ఇవ్వండి. దాని మీద చర్చకు నేనూ, నాలాంటి మరెందరో పరిశోధకులూ సిద్ధంగా ఉన్నాము.

భవదీయుడు,
ఒక రసాయన ఇంజినీరింగ్ పరిశోధకుడు